కూర్చినది ఎవరి పాలగును?
(మూడవ సాలార్‌జంగుగారి జీవితము)

చదువుకొనవలసిన వాక్యభాగములు: ఆదికాండము 24, ఎజ్రా 1:7-11, లూకా 12:13-21



మన దర్శి ప్రాంతపు పల్లెలనుండి చదువులకును, కూలిపనులకును, ఆసుపత్రులకును హైదరాబాదు పోవువారు అనేకులున్నారు. వారిలో కొందరు మూసీనది దక్షిణపు ఒడ్డుననున్న సాలార్‌జంగు మ్యూజియము చూచి వచ్చి, గంట కొట్టు బొమ్మను గూర్చియు, రాతి ముసుకు వేసికొన్న స్త్రీని గూర్చియు ఇంటివారికి చెప్పుచుందురు. అయితే ఆ వస్తువులను కూర్చిన మనుష్యుడెవరు, ఆయన ఎట్లు బ్రదికెను, ఆయన వెనుక అవి ఏమాయెను అను సంగతి తెలిసినవారు తక్కువ. ఆయన మన మతస్థుడు కాడు. మహమ్మదీయ ప్రభువంశములో పుట్టినవాడు. అయినను ఆయన జీవితములో మనము ఆలోచింపదగిన సంగతి యొకటి యున్నది. కావున ఈ నెల దానిని మీ యెదుట పెట్టుచున్నాము.

ఆయన సంగతి ఆయన తాతగారితో మొదలుపెట్టవలెను. మీర్ తురాబ్ అలీఖాను 1829లో పుట్టి, 1853లో, ఇంకను ఇరువదినాలుగేండ్ల వయస్సులోనే నిజాముగారి సంస్థానమునకు దివాను ఆయెను. ఆయననే మొదటి సాలార్‌జంగు అందురు. అప్పులలో మునిగియున్న సంస్థానమును ముప్పది సంవత్సరములు నడిపి, జిల్లాలు ఏర్పరచి, న్యాయస్థానములు పెట్టి, పన్నుల వసూలును ఒక క్రమములోనికి తెచ్చి, 1883లో కలరా తగిలి కాలము చేసిరి. ఆయన 1876లో ఐరోపా ప్రయాణము చేసినప్పుడు రోము నగరములో ఒక పాలరాతి విగ్రహమును కొనిరి. దానిని చెక్కిన శిల్పి పేరు జొవాన్ని మారియా బెంజోని. ఆ విగ్రహము మన రిబ్కాది.

ఆదికాండము 24వ అధ్యాయము మన సంఘములలో వివాహ సమయమున తరచుగా చదువుదుము. అబ్రాహాము దాసుడు బావియొద్ద నిలిచి ప్రార్థించుట, రిబ్కా కడవ దించి అతనికిని అతని పది ఒంటెలకును నీళ్లు చేదిపోయుట, దాసుడు వెండి బంగారు నగలను తీసి ఆమెకిచ్చుట మన పిల్లలకు సయితము తెలుసు. తుదకు ఆమె పొలములో ఎదురు వచ్చు ఇస్సాకును చూచి, ఒంటె దిగి, ముసుకు వేసికొనెను. శిల్పి పట్టుకొన్నది ఆ గడియనే. రాయి గట్టిది; ముసుకు పలుచనిది. అయినను ఆ రాతి ముసుకు వెనుక కన్నులు, ముక్కు, పెదవులు తడిసిన మల్లుగుడ్డ చాటున కనబడునట్లు కనబడును. బెంజోని ఇట్టి రిబ్కా విగ్రహములను ఒకటికంటె ఎక్కువగా చేసెను. కొన్ని అమెరికా దేశములోను ఉన్నవి. మన తెలుగు నేలకు వచ్చినది తాతగారు తెచ్చినదే.

మన కథానాయకుడు మీర్ యూసుఫ్ అలీఖాను 1889 జూన్ 13న పూనాలో పుట్టిరి. తండ్రి మీర్ లాయిక్ అలీఖాను, అనగా రెండవ సాలార్‌జంగు, 1884 మొదలు 1887 వరకు దివానుగా నుండినవారు. బిడ్డ పుట్టి నెల తిరుగకముందే, జూలై 7న, ఆ తండ్రి చనిపోయెను. తల్లి జైనబ్ బేగముగారి యొడిలోనున్న ఆ పసివాడు గొప్ప జాగీరుకును, పెద్ద దేవిడీకిని, తాతగారి పేరుకును, రోము నుండి వచ్చిన రిబ్కాకును ఏకైక వారసుడాయెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖానుగారు ఆ బిడ్డ పెంపకమును, ఆస్తిని కనిపెట్టి చూచుకొనిరి. తండ్రి లేని పిల్లలు మన పల్లెలలో ఎందరో యున్నారు. వారికి జాగీరులు లేవు. అయితే తండ్రి ముఖము ఎరుగని లోటు నవాబు బిడ్డకైనను, కూలివాని బిడ్డకైనను ఒక్కటియే.

1911లో ఆరవ నిజాము చనిపోగా, ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీఖాను సింహాసనమెక్కెను. కొత్త నిజాముగారు 1912లో యూసుఫ్ అలీఖానుగారిని, ఇరువదిమూడేండ్లవానిని, తాతయు తండ్రియు కూర్చున్న దివాను పీఠమున కూర్చుండబెట్టిరి. ఆ ఉద్యోగము ఎక్కువ కాలము సాగలేదు. 1914లో ఆయన దానిని విడిచిపెట్టిరి. మరల రాజ్యాధికారములో ప్రవేశింపలేదు. పెండ్లి చేసికొనలేదు. అప్పటినుండి చనిపోవువరకు, రమారమి ముప్పదియైదు సంవత్సరములు, ఆయన మనస్సంతయు వస్తువులు కూర్చుటమీదనే నిలిచెను.

హైదరాబాదు పాతనగరములోని దివాన్ దేవిడీకి దేశమంతటినుండి వర్తకులు వచ్చుచుండిరి. నవాబుగారికి కలెక్టరు వలెనో, వ్యాపారి వలెనో కూర్చుండి సంతకములు చేయు పని లేదు. వర్తకుడు మూట విప్పగా చూచుట, మంచిదైన ఎడల కొనుట, అదియే ఆయన పని. పరదేశములనుండియు మనుష్యులచేత తెప్పించుచుండిరి. చీనా, జపాను పింగాణీ, పారసీక తివాసీలు, ఐరోపా చిత్తరువులు, గాజుపాత్రలు, గడియారములు, కత్తులు, జిగురాతి పిడుల కటార్లు, దంతపు కుర్చీలు, వెండి సామానులు ఒక్కటొక్కటిగా వచ్చి దేవిడీ గదులను నింపెను. ఆ దంతపు కుర్చీలు ఒక ఫ్రెంచి రాజు టిప్పు సుల్తానునకు పంపినవని చెప్పుదురు. జనులు గుంపుకూడి చూచు గడియారములో ప్రతి గంటకును ఒక చిన్న బొమ్మ తలుపు తెరచుకొని వచ్చి, ఎన్ని గంటలాయెనో అన్నిమారులు గంట మ్రోగించి లోపలికి పోవును. బిడ్డలు లేని ఆ మనుష్యుడు పిల్లల ఆటబొమ్మలు కూడ కూర్చిరి. అరబ్బీ, పారసీ, ఉర్దూ భాషల వ్రాతప్రతులు వేలకొలది సంపాదించిరి. కవులను, గ్రంథకర్తలను ఆదరించిరి.

వెండిపనిని గూర్చి ఒక మాట చెప్పవలెను, ఏలయనగా ఇది మన పొరుగునే పుట్టిన విద్య. నాటి నిజాము సంస్థానములోనిదైన బీదరు పట్టణములో బిద్రీపని యను కళ యున్నది. తుత్తునాగములో కొంచెము రాగి కలిపి కరిగించి హుక్కా బుడ్డిగానో, తమ్మపడిగగానో, పళ్లెముగానో పోతపోయుదురు. నునుపు చేసి, ఉలితో పువ్వులు, తీగెలు చెక్కి, ఆ గాడులలో వెండి తీగెను గాని వెండి రేకును గాని సుత్తితో దిగగొట్టుదురు. పిమ్మట బీదరు కోటలోని పాత మట్టిని నవసాగరముతో కలిపి వేడిచేసి పూయుదురు. ఆ మట్టి తగులగానే తుత్తునాగమంతయు కారునలుపగును; వెండి మాత్రము తెల్లగా నిలుచును. ఒకే మట్టి రెంటికిని తగులును గాని ఒకటి నల్లబడును, ఒకటి మెరయును. కరీంనగరములో సన్నని వెండితీగెలను అల్లి పన్నీరుబుడ్లు, పెట్టెలు చేయు పనివారు నేటికిని ఉన్నారు. దేవుడు బెసలేలుకు బంగారముతోను వెండితోను ఇత్తడితోను పనిచేయు నేర్పును తన ఆత్మవలన ఇచ్చెనని నిర్గమకాండము 31వ అధ్యాయములో చదువుచున్నాము. చేతిపని అల్పమైనది కాదని దానివలన తెలిసికొనుచున్నాము.

అయితే ఇక్కడ మనము మొగమాటము లేక మాటలాడవలెను. ఈ వస్తువులన్నిటికి వెల ఎక్కడనుండి వచ్చెను? జాగీరు శిస్తునుండి వచ్చెను. శిస్తు ఎక్కడనుండి వచ్చెను? నాగలి పట్టిన రైతు చెమటనుండి వచ్చెను. జాగీరులలోని రైతు తాను దున్నిన భూమికి శిస్తు కట్టి, మిగిలినదానితో బిడ్డలను పోషించుకొనెను. ఆ రైతులెవరును దేవిడీ లోపలి గదులు చూచియుండరు. మన వంటి పల్లెవారమే ఆ పాలరాతికిని, ఆ దంతమునకును వెల చెల్లించితిమని చెప్పిన తప్పు కాదు. నవాబుగారు త్రాగుడుకును జూదమునకును తగులబెట్టక కళకు వెచ్చించిరని మెచ్చుకొనవచ్చును. అయినను నాలుగు గోడల మధ్య ఒక్కడే చూచుకొను సౌందర్యము, ఎంత గొప్పదైనను, సగము సౌందర్యమే.

1948 సెప్టెంబరులో భారత సైన్యము ప్రవేశింపగా నిజాము ప్రభుత్వము ముగిసెను. దాని తరువాత ఆరు నెలలు గడువకముందే, 1949 మార్చి 2న, మూడవ సాలార్‌జంగుగారు ఏబదితొమ్మిదవ ఏట కన్నుమూసిరి. అదే సంవత్సరము ఆగష్టులో జాగీరులన్నియు రద్దాయెను. కుమారుడు లేడు, కుమార్తె లేదు. గదులనిండ నలుబది వేలకు పైబడిన వస్తువులు మాత్రమున్నవి. బంధువులు అనేకులు వచ్చి తమ పాలు అడిగిరి. తండ్రి ఆస్తి పంచిపెట్టుమని ప్రభువునొద్దకు వచ్చిన మనుష్యుని సంగతి లూకా 12వ అధ్యాయములో నున్నది గదా. దేవిడీయొద్ద నిలిచినదియు ఆ ప్రశ్నయే. అర ఎకరము మెట్ట పంపకములో అన్నదమ్ములు మాటలు మానుకొనుట చూచుచున్న మనకు ఇది వింత కాదు.

పంచుకొని అమ్మివేసినయెడల ఏమాయియుండును? దానికి సాక్ష్యము వెదకుటకు మనము రష్యా దేశమువైపు చూడవలెను. అక్కడి సనాతన క్రైస్తవ సంఘములో ఐకనులనబడు పటములున్నవి. మ్రానిపలకమీద గుడ్డయు సుద్దయు అంటించి, గ్రుడ్డు పచ్చసొనలో కలిపిన రంగులతో ప్రభువును, అపొస్తలులను, పరిశుద్ధులను వ్రాయుదురు. ముఖమును చేతులును మాత్రము కనబడునట్లు, తక్కిన పటమంతటిని వెండి రేకుతో కప్పుట అక్కడ వాడుక. అబ్రాహాము ఇంటికి వచ్చిన ముగ్గురు అతిథుల పటమును 15వ శతాబ్దములో ఆంద్రేయి రుబ్ల్యోవు అను సన్యాసి వ్రాసెను. దానిమీద తరువాతివారు రంగులు పూసి, విలువైన లోహపు తొడుగు వేసిరి. 1904లో ఆ తొడుగు తీసి శుభ్రపరచినప్పుడు గాని దాని అసలు రంగులు లోకమునకు తెలియలేదు.

ఆ దేశములో 1917లో విప్లవము వచ్చెను. 1921లో వోల్గానది ప్రాంతమున ఘోరమైన కరవు పుట్టెను. 1922లో ప్రభుత్వము కరవు పేరు చెప్పి దేవాలయములలోని వెండి బంగారములను పట్టుకొనెను. పటముల తొడుగులు, దీపస్తంభములు, ప్రభు బల్ల పాత్రలు రాసులుగా పోసి, అనేకమైనవాటిని కరిగించిరి. మిగిలినవాటిని తరువాతి సంవత్సరములలో పరదేశులకు అమ్మిరి. 1937, 1938 సంవత్సరములలో మాస్కోలోనుండిన అమెరికా రాయబారి భార్య మార్జొరీ పోస్టుగారు ఐకనులను, వెండి పాత్రలను అంగళ్లలో కొనిరి. ప్రభు రాత్రి భోజనపు పాత్రలు సయితము వెండి తూకము చొప్పున అక్కడ అమ్ముడుపోయెను. ఆమె కూర్చినవి నేడు వాషింగ్టనులోని హిల్‌వుడ్డను ఆమె ఇంటిలో అందరు చూచునట్లు ఉన్నవి. అవి నశింపక మిగిలినందుకు సంతోషమే. గాని ఏ గ్రామపు సంఘము ఏ పాత్రలోనుండి పాలుపొందెనో ఆ పాత్రమీద వ్రాసి లేదు. తూకము వేసిన దినమున పాత్రకు చరిత్ర పోవును. బరువు మాత్రము మిగులును.

దివాన్ దేవిడీకి ఆ గతి పట్టలేదు. ప్రభుత్వము ఆ యాస్తిని చూచుటకు ఒక కమిటీని ఏర్పరచెను. వస్తువులను చెదరనీయక ఒక్కచోటనే ఉంచవలెనను ఆలోచన పుట్టెను. వాటిని వరుసపెట్టుటకు జేమ్సు కజిన్సుగారిని పిలిచిరి. ఆయన ఐర్లండు దేశస్థుడు, కవి, మన మదనపల్లె కళాశాలలో పనిచేసినవాడు. 1951 డిసెంబరు 16న ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూగారు ఆ దేవిడీలోనే మ్యూజియమును తెరచిరి. ఏండ్ల తరబడి ఒక్కడు చూచుకొన్న గదులలోనికి గాజుల మల్లారము మోసినవారును, రిక్షా తొక్కినవారును, బడిపిల్లలును నడిచి వెళ్లిరి. 1958లో వారసులు రాజీపడి, న్యాయస్థానము ద్వారా ఆ సంగ్రహమును భారత ప్రభుత్వమునకు అప్పగించిరి. 1961లో పార్లమెంటు చట్టము చేసి దానిని జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా నిర్ణయించెను. 1968లో అది నేడున్న భవనమునకు మారెను. నవాబుగారు నివసించిన దేవిడీ విషయమందురా, పెద్ద ద్వారములు తప్ప దానిలో ఎక్కువ మిగులలేదు. ఇల్లు పోయెను, జాగీరు పోయెను, వంశము ఆగెను. అందరికిని ఇయ్యబడినది మాత్రము నిలిచెను.

ఇప్పుడు మనలో కొందరు ఒక ప్రశ్న అడుగుదురు. విగ్రహములయెదుట సాగిలపడకూడదని ఆజ్ఞ యున్నది గదా, విగ్రహములను పటములను గూర్చి సంఘ పత్రికలో ఎందుకు? ఆజ్ఞ ఉన్నది, దానిని సడలించుట మా యుద్దేశము కాదు. తూర్పు సంఘమువారు సయితము పటమునకు చూపు గౌరవము వేరు, దేవునికి చెల్లించు ఆరాధన వేరు అని చెప్పుదురు. వారి వాడుక మనది కాదు. అయితే రిబ్కా విగ్రహమును ఎవరును పూజించుటలేదు. ఒక ఇటలీ శిల్పి మన గ్రంథములోని ఒక కన్యక సిగ్గును, విశ్వాసమును రాతిలో చెక్కెను. ఒక మహమ్మదీయ కుటుంబము డెబ్బదియేండ్లకు మించి దానిని చెక్కుచెదరకుండ కాపాడెను. నేడు అన్ని మతములవారును దానియెదుట నిలిచి చూచుచున్నారు. ఆమె ఎవరని అడిగినవారికి, కడవ దించి పరదేశికి నీళ్లు పోసిన పిల్ల అని చెప్పగలవారము మనమే. హైదరాబాదు వెళ్లిన మన యౌవనస్థులు ఆ మాట చెప్పుటకు వెనుదీయకూడదు.

లూకా సువార్తలోని ధనవంతుడు పంట విస్తారమైనప్పుడు కొట్లు విప్పి పెద్దవి కట్టవలెననుకొనెను. మన ప్రాంతములో ధర వచ్చువరకు మిర్చి టిక్కీలను కోల్డు స్టోరేజీలో పెట్టుదుము. పత్తిని ఇంటినిండ పోసికొందుము. దానిలో తప్పు లేదు. యోసేపు కూడ ధాన్యము నిలువచేసెను. అయితే ఆకలిగొన్నవారికొరకు చేసెను. నిలువచేసినది ఎవరికొరకు అన్నదే ప్రశ్న. ధనవంతుని కథలో అతడు మాటలాడినది తనతోనే. కొట్టు, పంట, ప్రాణము అన్నియు తనవే. ఒక పొరుగువాడును ఆ కథలోనికి రాడు. నవాబుగారి జీవితములోను చివరివరకు తలుపులు మూసియుండెను. ఆయన చేతులు విడిచిన తరువాతనే అవి తెరువబడెను. మనము బ్రదికియుండగానే తెరచుట మేలు కాదా?

ఈ సంగతి మన సంఘములకును తగులుచున్నది. మన పల్లె దేవాలయములలో నూరేండ్లనాటి గంటలు, వెండి పూత ప్రభు బల్ల పాత్రలు, తాతల చేతులలో నలిగిన బైబిళ్లు, బాప్తిస్మపు రిజిస్టర్లు ఉన్నవి. కొత్త స్టీలు సామాను వచ్చినదని పాత పాత్రను పాత సామానులవానికి కిలోల లెక్కన వేయు సంఘములు కలవు. రిజిస్టర్లు చెదలకు ఆహారమగుచున్నవి. ఆ పాత్రలో మన ముత్తవ్వ మొదటిసారి పాలుపొందెను. ఆ రోజు ఆమె ఊరిలో నలుగురితో ఒక గిన్నె ముట్టుటయే గొప్ప సంగతి. అట్టి పాత్రను తూకము వేయుట తగునా?

కాబట్టి మూడు పనులు చేయుదము. మొదటిది, సంఘ పెద్దలు కూర్చుండి దేవాలయపు పాత వస్తువులన్నిటిని లెక్కించి, ఏది ఎప్పుడు ఎవరు ఇచ్చిరో వృద్ధులనడిగి వ్రాయవలెను. బబులోనునుండి మందిరపు ఉపకరణములు తిరిగి వచ్చినప్పుడు, మిత్రిదాతు వాటిని షేష్బజ్జరునకు లెక్కించి అప్పగించెననియు, బంగారు వెండివి అన్నియు 5,400 అనియు ఎజ్రా గ్రంథములో వ్రాయబడియున్నది. దేవుని వాక్యములో ఆ లెక్కకు స్థలము దొరికినది. రెండవది, పాత రిజిస్టర్లను, బైబిళ్లను తడి తగులని ఇనుప బీరువాలో ఉంచి, వేపాకు వేసి, ఏటికొక్కసారి నీడను ఆరబెట్టవలెను. మూడవది, పంట పండుగనాడు వాటిని బల్లమీద పెట్టి, హిందువులైనను మహమ్మదీయులైనను ఊరివారందరిని పిలిచి చూపి, వాటి కథ పిల్లలకు చెప్పవలెను. దాచినది మనకు మాత్రమే; చూపినది ఊరికంతటికిని.

యూసుఫ్ అలీఖానుగారు తండ్రిని ఎరుగక పెరిగి, పదవిని విడిచి, ఇల్లు కట్టుకొనక, వేలకొలది వస్తువుల మధ్య ఒంటరిగా జీవించిరి. ఆయన కూర్చినవి తుదకు ఆయనవి కాలేదు, ఆయన బంధువులవి కాలేదు. ఏ రైతుల శిస్తుతో కొనబడెనో ఆ రైతుల మనుమల యెదుటికే వచ్చెను. మనకున్నవి కొద్దివే: ఒక కడవ, ఒక గిన్నె, ఒక గంట, చేతిలోని విద్య, నోటిలోని సువార్త. రిబ్కాకు ఉన్నది ఒక కడవయే. దానిని ఆమె పరదేశియెదుట దించెను. మన కడవలను కూడ దించుటకు దేవుడు మనకు మనస్సు నిచ్చునుగాక. ఆమేన్.